బోర్డు సారు పెద్ద తప్పు

ఆయనకు ఒక అసలు పేరు కూడా ఉందన్న సంగతి యార్డులో చాలామంది మరిచిపోయారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బోర్డు సారు, రిటైరయ్యాక కూడా బోర్డు సారే. పెద్ద పెద్ద ట్యాంకర్లను కడిగి, చిల్లులు పడ్డచోట వెల్డింగు చేసి, మళ్లీ రోడ్డెక్కించే ఆ యార్డులో చీఫ్ ఇంజనీరుగా ఆయన చేసిన పనులు ఒకటా రెండా! అయినా ఆయన మనసంతా షెడ్డు గోడ మీద, తలుపంత ఎత్తున, నీలం రంగు మీద తెల్ల అక్షరాలతో రాయించిన ఒక బోర్డు మీదే ఉండేది.

ఆ బోర్డు చెప్పేది ఒక్కటే విషయం. ట్యాంకరును ఖాళీ చేసినా లోపల అది మోసిన రసాయన ద్రావకం తాలూకు ఆవిరి నిండి ఉంటుంది. పీల్చినవాడు అక్కడికక్కడే కుప్పకూలతాడు. వెల్డింగు రవ్వ తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకని మూత తీసి, బ్లోయరు పెట్టి, లోపలికి మంచిగాలి కొట్టాలి. ఎంతసేపు కొట్టాలి? ట్యాంకు ఎంత పెద్దదో, బ్లోయరు ఎంత గాలి ఇస్తుందో చూసుకుని బోర్డు మీది పట్టికలో ఆ గడి మీద వేలు పెడితే నిమిషాలు తెలిసిపోతాయి. పైన ఒక సమీకరణం, దాని మధ్యలో దర్జాగా కూర్చున్న లాగ్, అంటే లాగరిథమ్, కింద కుడిమూల ఆయన సంతకం.

ఇంటికి చుట్టాలొస్తే కాఫీలయ్యాక ఆయన చెప్పులేసుకునేవాడు. "అలా యార్డు దాకా వెళ్లొద్దామా?" అనేవాడు. వాళ్లావిడ వంటింట్లోంచి, "పాపం, వాళ్లు ప్రయాణం చేసొచ్చారండీ, బోర్డు ఎక్కడికీ పారిపోదు," అని అరిచేది. వింటే గదా! చుట్టాలు ఆవులింతలు మింగుకుంటూ లాగ్ మహిమ విని వచ్చేవాళ్లు.

ఆ బోర్డు ముందు నోరు తెరిచి ప్రశ్న అడిగిన మొట్టమొదటి మనిషి ఆయన కోడలు. అప్పటికింకా కోడలు కాలేదు. కొడుకు చేసుకోబోయే అమ్మాయిగా మొదటిసారి ఇంటికొచ్చిన రోజు అందరితోపాటు ఆమెనూ తీసుకెళ్లి నిలబెట్టాడు. ఆ అమ్మాయి కాసేపు చూసి, "ఇందులో లాగ్ ఎందుకొచ్చిందండీ?" అని అడిగింది.

బోర్డు సారు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "బ్లోయరు ఆవిరిని ఒక్కదాన్నే ఏరి బయటికి తోయదమ్మా. వచ్చిన మంచిగాలి ఆవిరితో కలిసిపోతుంది, ఆ కలిసినదాంట్లోంచే కొంత బయటికి పోతుంది. మొదట్లో బోలెడంత పోతుంది, పోయేకొద్దీ కొసరు కొసరుగా పోతుంది. అలా తగ్గేది ఎక్కడుంటే లాగ్ అక్కడుంటుంది," అని చెప్పి, ఇంటికొచ్చి భార్యతో, "ఈ పిల్ల మన ఇంటికి రాకపోతే నేనే వెళ్లి వాళ్లింట్లో ఉంటాను," అన్నాడు.

ఆమె వచ్చింది. పెళ్లయ్యాక ఇంజనీరింగు పరీక్షలు రాస్తుంటే మామగారే దగ్గర కూర్చుని లెక్కలు చెప్పాడు. కొడుకుది ఎప్పుడూ ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగం. ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ అతనికి ఈ ఇద్దరి మధ్యా లాగ్‌లూ పవర్‌లూ తప్ప మరో మాట వినపడేది కాదు. "సమీకరణాన్ని చూసి బెదరకు. నీకు కావలసినదాన్ని ఒక పక్కన ఒంటరిగా నిలబెట్టు, మిగతా వాటన్నిటినీ అవతలికి తోలెయ్. జవాబు వచ్చాక దాన్ని మళ్లీ వెనక్కి నడిపించు. బయల్దేరిన చోటికి చేరకపోతే అది జవాబే కాదు," అనేవాడు. ఆమె పరీక్ష పాసైంది, అదే యార్డులో ఇంజనీరుగా చేరింది. ఆ రోజు ఆయన వీధి చివర ఇస్త్రీ అతనితో సహా ఎవర్నీ వదలకుండా కబురు చెప్పి వచ్చాడు.

ఇలా ఉండగా ఆయన జీవితంలోకెల్లా గొప్ప కబురొచ్చింది. కంపెనీకి ఉన్న మిగతా యార్డులన్నిట్లోనూ ఆ బోర్డునే పెట్టాలని పైవాళ్లు నిర్ణయించారట. పెయింటుతో కాదు, స్టీలు రేకు మీద చెక్కించి. మొదటి రేకు మీద తెర తీయడానికి ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? ఆయనే! కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. అద్దం ముందు ఉపన్యాసం అభ్యాసం చేశాడు. ఆ వారమంతా ఆయన నేల మీద నడవలేదు.

సభకు వారం ఉందనగా ఒక సాయంత్రం కోడలు యార్డు నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా ఆయన ఎదురుగా కూర్చుంది.

"మామయ్యగారూ, మీకొక మాట చెప్పాలి. కోప్పడకూడదు."

"కోపం రాని మాటైతే ఇలా ఎందుకు మొదలెడతావమ్మా? చెప్పు."

"బోర్డు తప్పండి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అత్తగారు గరిటె చేత్తో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ ఇంట్లో ఆయనకు ఎదురు చెప్పగలిగిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడ కూడా బోర్డు జోలికి ఎన్నడూ పోలేదు.

"ఏం తప్పు? అక్షరం పోయిందా?"

"అక్షరం కాదండీ, అంకెలు. స్టీలు రేకుకు పంపే కాపీని సరిచూసి సంతకం పెట్టమని నాకిచ్చారు. మీరు చెప్పినట్టే ఒక గడి తీసుకుని వెనక్కి నడిపించాను. పన్నెండు నిమిషాల గడి. పన్నెండు నిమిషాలు కొడితే ఆవిరి నూటికి ఒక వంతు మిగలాలి కదా? పదమూడు వంతులు మిగిలింది."

"నీ క్యాలిక్యులేటరు బ్యాటరీ అయిపోయుంటుంది."

"మూడింటితో చేశానండీ. అందులో ఒకటి మీరు కొనిచ్చిందే." "సమీకరణాన్ని మొదటినుంచీ రాబడితే అందులో తేలేది సహజ లాగ్, నేచురల్ లాగ్ అంటామే అది. గడులు నింపేటప్పుడు పడింది పది ఆధారంగా ఉండే మామూలు లాగ్. రెంటికీ రెండుంపావు రెట్ల పైచిలుకు తేడా. పన్నెండు కాదు మామయ్యగారూ, ఇరవై ఎనిమిది."

బోర్డు సారు లేచి నిలబడ్డాడు. "ఇరవై ఏళ్లకు పైగా మనుషులు ఆ బోర్డు చూసి దిగుతున్నారు. ఒక్కడికి, ఒక్కడికంటే ఒక్కడికి తలనొప్పి వచ్చిందా?"

"అదే నాకూ అర్థం కావడం లేదు. మేనేజరుగారూ అదే మాట అన్నారు."

"మేనేజరుకు కూడా చెప్పేశావన్నమాట!"

"చెప్పక తప్పలేదు. ఇవాళ ట్యాంకరు మీద పని ఆపించేశాను. ఆయన ఒంటికాలి మీద లేచారు. 'పెద్దాయన బోర్డు తప్పని పెద్దాయనే రాసివ్వాలి, రేపు పదింటికల్లా కాగితం రాకపోతే పని మొదలుపెడతాను, నీ సంగతి తర్వాత చూస్తాను' అన్నారు." కోడలు తలెత్తి ఆయన కళ్లలోకి సూటిగా చూసింది. "మీకు నమ్మకం కలక్కపోతే రాయొద్దండీ. నా కోసం అసలు రాయొద్దు. నేను మాత్రం రేపు ట్యాంకరెక్కి మూత దగ్గర అడ్డంగా కూర్చుంటాను. ఎవర్నీ దిగనివ్వను."

ఆయన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. అత్తగారు తలుపు దగ్గరికెళ్లి, "ఏమండీ, మీరు అన్నం మానేస్తే లాగ్ మారుతుందా?" అని అడిగింది.

ఆయనకు ఒళ్లు మండిపోతోంది. అ అంటే ఏమిటో తెలియని నాటినుంచి కూర్చోబెట్టి నేర్పితే, నేర్చుకున్నదంతా తెచ్చి తన నెత్తినే కొట్టిందే! ఒక్క అంకె, ఒక్క గుర్తు తప్పు పోనివ్వని మనిషికా చెప్పడం? తెల్లారగానే లెక్క చేసి, కాగితం ఆమె చేతిలో పెట్టి, ఇదిగో చూసుకో తల్లీ అనాలని తీర్మానించుకుని పడుకున్నాడు.

తెల్లారింది. బాల్కనీలో కుర్చీ వేసుకుని, పేపరు అంచున ఖాళీ స్థలంలో మొదలుపెట్టాడు. ఒక క్షణంలో కొంత గాలి లోపలికి. ఉన్న ఆవిరికి తగ్గట్టు కొంత బయటికి. చెయ్యి తిరిగిన పని, పెన్ను పరుగెత్తింది. కావలసింది కాలం, దాన్ని ఒక పక్కన నిలబెట్టాడు. ట్యాంకు కొలత, బ్లోయరు గాలి, మిగిలినవన్నీ అవతలికి తోలాడు. అక్కడ, ఎవరూ పిలవకుండానే, సహజ లాగ్ వచ్చి నిలబడింది. క్యాలిక్యులేటరు మీద ఆ మీట నొక్కాడు. ఇరవై ఏడున్నర దాటింది.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చేశాడు. అదే. అప్పుడు పక్కనున్న రెండో మీట, మామూలు లాగ్ మీట నొక్కాడు. పన్నెండు. సరిగ్గా పన్నెండు. ఆ రోజుల్లో పట్టికల పుస్తకం చూసి గడులు నింపేవాడు. పట్టికలో ఉండేది మామూలు లాగే. దాన్ని రెండుంపావు పైచిలుకుతో హెచ్చవేసి గడిలో వేయాలి. పెయింటరు నిచ్చెన మీద నిలబడి అంకెలు చెప్పండి సార్ అంటుంటే హెచ్చవేత మరిచిపోయి ఉంటాడు. అంతకుమించి ఏమీ లేదు.

ముందుగా ఆయనకు బోర్డు గుర్తుకు రాలేదు. మొహాలు గుర్తుకొచ్చాయి. ఒక చెవి వినపడని వెల్డరు, నిచ్చెన దిగుతూ పాట పాడే సన్నటి మనిషి, కూతురు పుట్టిందని బిస్కెట్లు పంచి ఆ మధ్యాహ్నమే ట్యాంకులోకి దిగినవాడు. వాళ్లందర్నీ తన సంతకం లోపలికి పంపింది. కుర్చీ చేతులు పట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాడు. మరి వాళ్లెలా బతికారు?

కాఫీ తాగకుండానే యార్డుకు బయల్దేరాడు. షెడ్డులో పని ఆగిపోయి ఉంది. మనుషులంతా గోడవారన కూర్చుని కబుర్లాడుతున్నారు. మధ్యలో మేస్త్రీ. ఎప్పుడూ తొందరపడడు గనుక అతన్ని నిదానం మేస్త్రీ అంటారు. సారును చూసి అందరూ లేచారు.

"మేస్త్రీ, బ్లోయరు ఆన్ చేశాక మీరు ఏం చేసేవాళ్లు?"

"ఏం చేస్తాం సార్? అన్నాలకు పోయేవాళ్లం."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. అది ఆన్ చేశామంటే చెవులు చిల్లులు పడతాయి, పక్కోడి మాట వినపడదు. అక్కడ నిలబడి చేసేదేముంది? పొద్దునంతా కడగడం, మధ్యాహ్నం దాన్ని ఆన్ చేసి క్యారియర్లు విప్పుకోవడం. తిని, చేతులు కడుక్కుని, కాసేపు నడుం వాల్చి వచ్చేవాళ్లం. పన్నెండు నిమిషాల్లో అన్నం ఎవడు తింటాడు సార్, కోడి గింజలు పొడిచినట్టు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బోర్డు సారు నవ్వలేదు. "ఎవడూ పస్తు ఉండి ముందే దిగిపోలేదా? ఎన్నడూ?"

"తిండి దగ్గర మావాళ్లు మహా పంక్చువల్ సార్. ఇదిగో, ఈ వారం నుంచే మారింది. కొత్త మేనేజరుగారు అన్నాలు ముందే కానిచ్చెయ్యమన్నారు. తర్వాత బ్లోయరు పెట్టి, బోర్డు టైమవగానే దిగాలంట. గంట కలిసొస్తుందంట. నిన్న మొదటిరోజు. దిగబోతుంటే మేడమ్ వచ్చి ఆపేశారు."

ఆయన అక్కడే బోర్లించి ఉన్న ఒక డ్రమ్ము మీద కూలబడ్డాడు. ఇన్నేళ్లూ ఈ మనుషుల్ని కాపాడింది తన లెక్క కాదు, వాళ్ల ఆకలి. నిన్న మధ్యాహ్నం ఆ ఆకలి కూడా అడ్డులేని చోట, అడ్డుపడింది తన కోడలు. స్టీలు రేకులు చెక్కించి, బ్లోయరు వేళకూ భోజనం వేళకూ సంబంధమే లేని యార్డులకు పంపి ఉంటే? ఆ ఆలోచనను ఆయన పూర్తి చేయలేకపోయాడు. "ఒరేయ్ మేస్త్రీ," అని అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో మేస్త్రీకి తెలియకపోయినా, పెద్దాయన చెయ్యి వదిలించుకోవడం బాగుండదని అలాగే నిలబడ్డాడు.

ఇంతలో మేనేజరు వచ్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు, పని ఆగిపోతే పైనుంచి వచ్చే ఫోన్లకు భయపడేవాడు. బోర్డు సారును చూడగానే మొహం చేటంత చేసుకుని ఎదురొచ్చాడు. "రండి సార్, మీరే వచ్చారు, బతికించారు. మీ కోడలికి కాస్త నచ్చజెప్పండి. అదిగో చూడండి!"

చూస్తే ట్యాంకరు మీద, తెరిచిన మూత పక్కనే, హెల్మెట్ పెట్టుకుని కోడలు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. అన్న మాట నిలబెట్టుకుంది. మామగారిని చూసి కంగారుగా లేవబోయి, మళ్లీ ఏమనుకుందో, కదలకుండా కూర్చుంది.

"నచ్చజెప్పడానికేం లేదు," అన్నాడు బోర్డు సారు. "బోర్డు తప్పు. నేను పొద్దున్నే చేసి చూశాను."

మేనేజరు మొహంలో నెత్తురుచుక్క లేదు. మేనేజరు తేరుకుని, ఆయన్ను భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "సార్, మీరు పెద్దవారు. ఈ వయసులో మీ పేరుకు మచ్చ ఎందుకు? అప్పటి పెయింటరు అంకెలు తప్పు వేశాడని రాసేద్దాం. అతను ఎప్పుడో పోయాడు. చిన్న పొరపాటు, సరిదిద్దేశాం, అయిపోయింది. సభ సభే, సన్మానం సన్మానమే."

ఒక్క క్షణం, ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ మాట ఆయన చెవికి తియ్యగానే తగిలింది. కొత్త చొక్కా గుర్తుకొచ్చింది. పెయింటరు తప్పు! ఎవరికీ నొప్పి లేదు. అప్పుడు ఆయన కళ్లెత్తి ట్యాంకరు మీదికి చూశాడు. పెయింటరు తప్పైతే ఆ పిల్ల పట్టుకున్నదేమిటి? ఒక రాత పొరపాటు. బడిపిల్లలు కూడా పట్టుకునేది. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"చిన్న పొరపాటా?" అన్నాడు. ఆ గొంతు షెడ్డు రేకుల దాకా వెళ్లింది. "చిన్న పొరపాటంటావేంటయ్యా! ఇది నేను చేసిన తప్పు. నేను చేస్తే చిన్నగా చేస్తానా?"

"సార్, కాస్త మెల్లగా..."

"మెల్లగా ఎందుకు? అందరూ వినండి. నా తర్వాత ముగ్గురు చీఫ్ ఇంజనీర్లొచ్చారు. రోజూ దీని ముందు నుంచే నడిచారు. తనిఖీకొచ్చిన వాళ్లు ఫొటోలు తీసుకుని మెచ్చుకుని పోయారు. పైవాళ్లు స్టీలు మీద చెక్కిస్తామన్నారు. నువ్వు పూలదండ ఆర్డరిచ్చావు. సంతకం చూసి దండం పెట్టారే గానీ, ఒక్కడంటే ఒక్కడు లెక్క చూశాడా? నేను మాత్రం చూశానా? ఇంత పెద్ద తప్పు, ఇంతమంది కళ్లు కప్పిన తప్పు, దాన్ని పట్టుకున్నది ఎవరు?" చెయ్యి ట్యాంకరు మీదికి చాచాడు. "అదిగో, ఆ పైన కూర్చుంది. మా కోడలు!"

కోడలు రెండు చేతుల్తోనూ మొహం కప్పుకుంది. నిదానం మేస్త్రీ జీవితంలో మొదటిసారి తొందరపడి చప్పట్లు మొదలుపెట్టాడు. మిగతావాళ్లు అందుకున్నారు. బోర్డు సారుకు ఛాతీ ఉప్పొంగింది. బోర్డు పెట్టిన రోజున కూడా అంత ఉప్పొంగలేదు. ఎంత పెద్ద తప్పు చేశాడో చెప్పుకుంటూ మీసం మెలేస్తున్న మనిషిని మేనేజరు అంతకుముందు చూసి ఉండడు, నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"కాగితం తే," అన్నాడు బోర్డు సారు. డ్రమ్ము మీదే పెట్టుకుని రాశాడు. గోడ మీది బోర్డు తప్పు. తప్పు పెయింటరుది కాదు, నాది. పట్టుకున్నది మా కోడలు.

మేనేజరు భుజం మీంచి చదివి నసిగాడు. "సార్, ఆఫీసు కాగితంలో కోడలు అని ఉండకూడదు. హోదా రాయాలి."

"అది హోదాయే," అన్నాడాయన. అయినా కాసేపు ఆలోచించి, దాని ముందు ఇంజనీరు అన్న మాట చేర్చాడు. కోడలు అన్నది కొట్టేయలేదు. దాని కింద సమీకరణం వేసి, పన్నెండు నిమిషాలు ఉన్నచోట ఇరవై ఏడున్నర ఉండాలని రాసి, సంతకం దాకా వచ్చి పెన్ను ఆపాడు.

అక్కడున్నవాళ్లంతా ఆయన సంతకం చేస్తాడనే అనుకున్నారు. ఆయన కాగితం పట్టుకుని ట్యాంకరు దగ్గరికి నడిచాడు. "అమ్మాయ్, ఒకసారి దిగిరా. ఇది చూసిపెట్టు. నేను రాసింది ఎవరో ఒకరు చూడకుండా పంపడం ఇక లేదు."

కోడలు నిచ్చెన దిగి వచ్చింది. కళ్లు తుడుచుకుని, కాగితం అందుకుని, నెమ్మదిగా, పెదాలు కదుపుతూ మొదటినుంచీ చదివింది. మామగారు చేతులు వెనక్కి కట్టుకుని, మార్కుల కోసం నిలబడ్డ పిల్లాడిలా ఎదురుచూశాడు. చివరి వరుస దగ్గర ఆమె వేలు ఆగింది.

"మామయ్యగారూ, ఇరవై ఏడున్నర మీద ఇంకొంచెం ఉందండీ. మీరు కిందికి దించేశారు. మనుషులు దిగే లెక్కలో పైకే ఎక్కించాలి గదా. ఇరవై ఎనిమిది వేయండి."

బోర్డు సారు కాగితం తీసుకుని, ఇరవై ఏడున్నర కొట్టేసి, ఇరవై ఎనిమిది వేశాడు. తర్వాత మేనేజరు వైపు తిరిగాడు. ఆ మొహం వెలిగిపోతోంది.

"చూశావా?" అన్నాడు.